ధర పెరిగింది సరే, ఎంత పెరిగింది?
ఇంటి ఖర్చుకూ సంస్థ ఖర్చుకూ ఒక తూకం

మండవల్లి బస్టాండులో టీ తాగుతున్న ఇద్దరు పెద్దమనుషుల మాటలు విన్నా, కైకలూరు సంతలో బేరమాడుతున్న గృహిణిని పలకరించినా, గుడివాడ–భీమవరం రైలులో పక్కన కూర్చున్న ప్రయాణికుడిని కదిపినా వినిపించే మాట ఒకటే: ‘ధరలు మండిపోతున్నాయి.’ ఈ మాటలో అబద్ధం లేదు. అయితే లెక్క కూడా లేదు. ‘ఎంత పెరిగాయి?’ అని అడిగితే ఒకరు రెట్టింపు అంటారు, మరొకరు పావు వంతు అంటారు. ఉల్లి ధర పెరిగిన నెలలో లోకమంతా మునిగిపోయినట్లు మాట్లాడినవారే, అది తగ్గిన నెలలో పాఠశాల రుసుము పెరిగిన సంగతిని మరచిపోతారు.

తూకం లేని వ్యాపారం ఎలా అన్యాయానికి దారితీస్తుందో, కొలత లేని ఫిర్యాదు కూడా అలాగే అన్యాయానికి దారితీస్తుంది. జీతం ఎంత పెంచాలో యజమానికి తెలియదు, ఎంత అడగాలో పనివాడికి తెలియదు. మస్జిద్ కమిటీ ఇమాము గారి వేతనాన్ని ఏళ్ల తరబడి అదే అంకె వద్ద ఉంచి ‘మేము తగ్గించలేదు కదా’ అనుకుంటుంది. వాస్తవానికి ప్రతి ఏటా తగ్గిస్తూనే ఉంటుంది. అందుచేత జీవన వ్యయాన్ని ఎలా కొలుస్తారు, ఆ కొలతను మన ఇళ్లలోనూ మన సంస్థల్లోనూ ఎలా వినియోగించుకోవచ్చు అన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రమాణం నుండి పుట్టిన లెక్క

ధరల పెరుగుదలను కేవలం విధిగా భావించి ఊరుకోకుండా, దానికి కారణాలు వెదికిన పండితులు మన చరిత్రలో ఉన్నారు. కైరో నగరానికి చెందిన చరిత్రకారుడు అల్ మఖ్రీజీ (1364–1442) అక్కడ ముహ్తసిబ్‌గా, అనగా బజారులోని తూనికలను, కొలతలను, ధరలను పర్యవేక్షించే అధికారిగా పనిచేశారు. నైలు నదికి వరద సరిగా రాక ఈజిప్టులో కరవు ఏర్పడిన తరువాత, 1405 ప్రాంతంలో ఆయన కరవుల గురించి ఒక గ్రంథం రచించారు. నదిలో నీరు తగ్గడం ఒక్కటే బాధలకు మూలం కాదని ఆయన వాదించారు. లంచాలిచ్చి పదవులు కొనుక్కోవడం, భూమి కౌళ్లు విపరీతంగా పెంచడం, వెండి బంగారు నాణేల స్థానంలో రాగి నాణేలు విచ్చలవిడిగా చెలామణీలోకి రావడం అన్నవి ఆయన చూపిన కారణాలు. వస్తువు ధర పెరిగిందా, లేక చేతిలోని నాణెం విలువ తరిగిందా అన్న ప్రశ్నను ఆరు వందల సంవత్సరాల క్రితమే ఆయన స్పష్టంగా వేశారు.

ఆ విలువ ఎంత తరిగిందో అంకెలలో చెప్పే ప్రయత్నం ఇంగ్లాండులో ఒక మతాచార్యుడి చేతిలో జరిగింది. అక్కడి ఒక కళాశాల పదిహేనవ శతాబ్దంలో ఏర్పడింది. ఏడాదికి 5 పౌండ్లకు మించిన సొంత ఆదాయం ఉన్నవారు ఆ కళాశాల భృతిని వదులుకోవాలని దాని నిబంధన. సభ్యులు ఆ మేరకు ప్రమాణం చేయాలి. రెండున్నర శతాబ్దాలు గడిచాక 6 పౌండ్ల ఆదాయం ఉన్న వ్యక్తి ఆ ప్రమాణం చేస్తే అబద్ధమాడినట్లవుతుందా? ఈ సందేహానికి జవాబుగా విలియం ఫ్లీట్‌వుడ్ 1707లో ఒక పుస్తకం వెలువరించారు. ధాన్యం, మాంసం, పానీయం, గుడ్డ మొదలైన వాటి ధరలను పాత కాగితాల నుండి సేకరించి, ఆనాటి 5 పౌండ్లతో కొనగలిగిన సామగ్రిని కొనడానికి తన కాలంలో 28 నుండి 30 పౌండ్లు కావాలని తేల్చారు. ధరల సూచీకి తొలి రూపం ఇదేనని ఆర్థికవేత్తలు చెబుతారు. అది వర్తకుడి లాభం కోసం కాక, ఒక మనిషి అంతరాత్మకు కలిగిన సందేహాన్ని తీర్చడం కోసం పుట్టిందన్నది గమనించదగిన విషయం.

ఆ తరువాత 1857లో జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ కార్మిక కుటుంబాల ఖర్చులను పరిశీలించి మరొక సత్యాన్ని వెల్లడించారు. కుటుంబం ఎంత పేదదైతే, దాని ఆదాయంలో తిండికి పోయే భాగం అంత ఎక్కువ. దీని అర్థం ఏమిటంటే, బియ్యం ధర పెరిగినప్పుడు ధనికుడికీ పేదవాడికీ తగిలే దెబ్బ ఒకటి కాదు.

మన దేశంలో సూచీ ప్రయాణం

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన వెంటనే మన దేశంలో ధరలు పెరిగాయి. రైల్వే కార్మికులు కరవు భత్యం కోరారు. ఈ విషయమై 1940లో బెనెగళ్ నరసింగరావు అధ్యక్షతన ఒక విచారణ న్యాయస్థానం ఏర్పడింది. తరువాతి కాలంలో రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసినది ఈయనే. కార్మికుల జీవన వ్యయాన్ని కొలిచే నమ్మకమైన సూచీలు లేకుండా భత్యాన్ని న్యాయంగా నిర్ణయించడం సాధ్యం కాదని ఆ విచారణలో తేలింది. దాని ఫలితంగా కుటుంబ బడ్జెట్ల సర్వేలు జరిగాయి. 1946లో లేబర్ బ్యూరో ఏర్పడింది. నేటికీ సిమ్లా కేంద్రంగా ఆ సంస్థ పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని ప్రతి నెలా విడుదల చేస్తోంది.

సూచీ తయారీ పద్ధతి వినడానికి కఠినంగా ఉన్నా, అసలు సంగతి సులభమే. ఒక సంవత్సరాన్ని ఆధారంగా తీసుకుంటారు. ఆ ఏడాది సగటు కుటుంబం ఏయే వస్తువులపై ఎంత ఖర్చు చేసిందో సర్వే చేసి ఒక బుట్టను ఊహిస్తారు. బుట్టలో ఒక్కో వస్తువుకు దాని ఖర్చును బట్టి ఒక భారం ఇస్తారు. ఆ బుట్ట ధరను 100 అనుకుంటారు. తరువాత ప్రతి నెలా అదే బుట్టను కొనాలంటే ఎంత అవుతుందో ఎంపిక చేసిన మార్కెట్లలో ధరలు సేకరించి లెక్కిస్తారు. 100 కాస్తా 120 అయితే ధరలు 20 శాతం పెరిగినట్లు.

పారిశ్రామిక కార్మికుల సూచీకి 1960, 1982, 2001, 2016 సంవత్సరాలు వరుసగా ఆధారాలయ్యాయి. 2016 శ్రేణిలో దేశవ్యాప్తంగా 88 కేంద్రాల నుండి ధరలు సేకరిస్తున్నారు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరవు భత్యాన్ని ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుండి, జూలై 1 నుండి, ఈ సూచీ పన్నెండు నెలల సగటును బట్టే సవరిస్తారు. 2025 జూలై నాటికి ఆ భత్యం మూల వేతనంలో 58 శాతంగా ఉండేది. దీన్ని సామాన్య భాషలో చెప్పాలంటే, 2016 జనవరిలో 100 రూపాయలతో గడిచిన జీవనం అలాగే గడవాలంటే 2025 జూలై నాటికి 158 రూపాయలు కావాలి.

బుట్ట పాతబడితే

ఇక్కడే ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. బుట్ట పాతబడితే తూకం తప్పుతుంది. దీనికి మన కొల్లేటి పల్లెల కూలీలకు సూటిగా సంబంధించిన ఉదాహరణే ఉంది.

వ్యవసాయ కార్మికులకు ప్రత్యేకంగా ఒక వినియోగ ధరల సూచీ ఉంది. గ్రామీణ ఉపాధి హామీ పథకం కింద ఇచ్చే రోజు కూలీని ప్రతి ఏటా ఈ సూచీ ఆధారంగా పెంచుతూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలీ 2023–24లో 272 రూపాయలు, 2024–25లో 300 రూపాయలు, 2025–26లో 307 రూపాయలు. చివరి ఏడాది పెరిగినది 7 రూపాయలు, అనగా సుమారు 2.33 శాతం. ఆ ఏడు రూపాయలను నిర్ణయించిన సూచీకి ఆధార సంవత్సరం 1986–87. దాని బుట్టను 1983లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం నింపారు. ఆ బుట్టలో తిండి భారం 69.15 శాతం. చదువు, వైద్యం, ప్రయాణం మొదలైన వాటన్నిటికీ కలిపి మిగిలినది 11.73 శాతం మాత్రమే.

1983లో పులపర్రులోనో, నందిగామలంకలోనో నివసించిన కూలీ కుటుంబపు ఖర్చును ఒకసారి ఊహించండి. సెల్‌ఫోన్ లేదు. పిల్లల ప్రైవేటు చదువు లేదు. కైకలూరుకో, ఏలూరుకో ఆటోలో వెళ్లి చేయించుకునే రక్త పరీక్షలు లేవు. నేడు ఇవన్నీ ఉన్నాయి. 2023–24లో జరిగిన కుటుంబ వినియోగ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఒక మనిషి నెలసరి సగటు ఖర్చు 4,122 రూపాయలు. అందులో తిండి వాటా 47 శాతం. మిగిలిన 53 శాతం తిండికి బయట ఖర్చే. ఈ సర్వే గ్రామీణులందరికీ సంబంధించినది, కూలీలకు మాత్రమే కాదు. కూలీ కుటుంబాల్లో తిండి వాటా ఇంతకన్నా కొంత ఎక్కువే ఉంటుంది. అయినప్పటికీ పాత బుట్టకూ నేటి బతుకుకూ మధ్య ఏర్పడిన దూరం దీన్నిబట్టి తెలుస్తోంది. తిండి ధరలు నెమ్మదిగా, మందులూ రుసుములూ వేగంగా పెరిగిన సంవత్సరంలో పాత సూచీ కూలీ భారాన్ని తక్కువ చేసి చూపుతుంది. ఆ తక్కువే అతని చేతికందే కూలీలో కూడా కనబడుతుంది.

ఈ లోపాన్ని నిపుణులు చాలాకాలం క్రితమే ఎత్తిచూపారు. ఆర్థికవేత్త ఎస్. మహేంద్రదేవ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, ఉపాధి కూలీకి గ్రామీణ వినియోగ ధరల సూచీని ఆధారం చేసుకోవాలని సిఫారసు చేసింది. చివరకు 2025 జూన్ నెల నుండి 2019 ఆధార సంవత్సరంగా కొత్త వ్యవసాయ కార్మికుల సూచీ వెలువడింది. ధరలు సేకరించే గ్రామాల సంఖ్య 600 నుండి 787కు పెరిగింది. మంచిదే. కానీ నలభై ఏళ్లపాటు ఒకే బుట్టతో తూచారన్న వాస్తవం మనకు ఒక పాఠం కావాలి. ఇల్లు కానివ్వండి, సంస్థ కానివ్వండి, కొలిచే సాధనాన్ని కూడా అప్పుడప్పుడూ కొలిచి చూసుకోవాలి.

ఒకే సంత, రెండు కుటుంబాలు

ప్రభుత్వ సూచీ సగటు కుటుంబానిది. మీ కుటుంబం ఆ సగటు కుటుంబం కాకపోవచ్చు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు కర్నూలు, మహారాష్ట్రల నుండి సరుకు వస్తుంది. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ మన వంటింటికి దెబ్బ తగులుతుంది. 2019 డిసెంబరులో కిలో ఉల్లి వంద రూపాయలు దాటింది. రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించగా, జనం గంటల తరబడి బారులు తీరారు. ఆ ధర అందరికీ ఒకటే. కానీ దాని భారం ఒక్కటి కాదు.

ఉదాహరణకు రెండు కుటుంబాలను ఊహిద్దాం. మొదటి కుటుంబం నెలకు 15,000 రూపాయలు ఖర్చు చేస్తుంది. అందులో బియ్యం, పప్పు, నూనె, మసాలాలకు 30 శాతం, కూరగాయలు, చేపలు, గుడ్లు, పాలకు 20 శాతం, అద్దెకు 15, గ్యాసు, కరెంటుకు 8, చదువుకు 10, వైద్యానికి 7, ప్రయాణం, ఫోనుకు 5, బట్టలు తదితరాలకు 5 శాతం పోతుంది. రెండవది కూలీ కుటుంబం. నెల ఖర్చు 9,000 రూపాయలు. పై వరుసలోనే దాని ఖర్చులు 40, 30, 5, 8, 2, 8, 4, 3 శాతాలు.

ఒక ఏడాదిలో కిరాణా సరుకులు 4 శాతం, కూరగాయలు మొదలైనవి 25 శాతం, గ్యాసు, కరెంటు 5, చదువు 12, వైద్యం 10, ప్రయాణం 2, బట్టలు 4 శాతం పెరిగాయని, అద్దె పెరగలేదని అనుకుందాం. ఈ ఎనిమిది అంకెలను కూడి ఎనిమిదితో భాగిస్తే 7.75 శాతం వస్తుంది. ఇది తప్పు లెక్క. ఎందుకంటే బట్టలకూ కూరగాయలకూ సమాన భారం ఇచ్చింది. ఒక్కో పెరుగుదలను ఆయా ఖర్చు వాటాతో గుణించి కూడాలి. అలా చేస్తే మొదటి కుటుంబానికి 8.8 శాతం, అనగా నెలకు 1,320 రూపాయల అదనపు భారం. రెండవ కుటుంబానికి 10.74 శాతం, అనగా నెలకు సుమారు 967 రూపాయలు.

రూపాయలలో చూస్తే మొదటి కుటుంబానిదే పెద్ద భారంలా కనిపిస్తుంది. శాతంలో చూస్తే పేద కుటుంబానికే ఎక్కువ దెబ్బ తగిలింది. పైగా మొదటి కుటుంబం ఒక విహారాన్నో, కొత్త బట్టలనో వాయిదా వేసి సర్దుకోగలదు. రెండవ కుటుంబం పళ్లెంలోని చేప ముక్కను, మందుల చీటీని తప్ప మరి దేన్ని వాయిదా వేయగలదు?

మహర్: సూచీ చెప్పే చేదు నిజం

మన కుటుంబాలకు అతి దగ్గరి విషయం ఒకటి ఇక్కడ ప్రస్తావించడం అవసరం. నికాహ్ సమయంలో మహర్‌ను రూపాయలలో రాయించి, ‘తరువాత ఇస్తాను’ అని ఏళ్ల తరబడి వాయిదా వేయడం మన సమాజంలో పాతుకుపోయిన అలవాటు. 1982లో 2,000 రూపాయల మహర్ రాసుకున్న ఒక జంటను ఊహించండి. పారిశ్రామిక కార్మికుల సూచీలో 1982 శ్రేణిని 2001 శ్రేణితో కలిపే గుణకం 4.63. 2001 శ్రేణిని 2016 శ్రేణితో కలిపే గుణకం 2.88. 2025 జూన్‌లో 2016 శ్రేణి సూచీ 145. ఈ మూడింటిని గుణిస్తే 1982 నాటి ఒక రూపాయి పనిని 2025లో చేయడానికి 19 రూపాయల 33 పైసలు కావాలని తేలుతుంది. అంటే ఆనాటి 2,000 రూపాయల కొనుగోలు శక్తి 2025లో సుమారు 38,670 రూపాయలకు సమానం.

వాయిదా వేసిన భర్త, లేదా అతని వారసులు, నేడు ఆమె చేతిలో అవే రెండు వేలు పెడితే ఆమెకు దక్కినది ఆనాటి విలువలో ఎంత? 103 రూపాయలు. ఇలాంటి సందర్భంలో షరీఅత్ ప్రకారం ఎంత చెల్లించాలన్నది ముఫ్తీలు చెప్పవలసిన విషయం. ఈ వ్యాసం దాని జోలికి పోదు. కానీ లెక్క చెప్పేది స్పష్టం: వాయిదాకు ఒక ధర ఉంది, దాన్ని మోసేది భార్యే. ఈ నష్టం జరగకుండా చూడడానికి రెండు దారులున్నాయి. మహర్‌ను నికాహ్ నాడే చెల్లించడం మొదటిది, ఉత్తమమైనది. వాయిదా తప్పనిసరైతే వెండి లేదా బంగారం తూకంలో రాయించడం రెండవది. జకాత్ నిసాబ్‌ను రూపాయలలో కాక, వెండి బంగారాల తూకంలో లెక్కించే మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

కొల్లేటి చెరువు నేర్పే పొదుపు

ఇక సంస్థల సంగతి. సంస్థ అనగానే పెద్ద కంపెనీలే గుర్తుకు రానక్కర లేదు. మన చుట్టూ ఉన్న చేపల చెరువు ఒక సంస్థే. దాన్ని నడిపే రైతు అతి జాగ్రత్తగా లెక్క చూసే నిర్వాహకుడు.

బొచ్చె, శీలావతి పెంచే చెరువులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతదే. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క ధరలు రైతు చేతిలో లేవు. అవి పైనుండి వచ్చిపడే ధరలు. అతని చేతిలో ఉన్నది మేత వాడకం. చెరువులో మేతను ఊరికే చల్లితే కొంత భాగం అడుగున చేరి కుళ్లిపోతుంది. డబ్బూ పోతుంది, నీరూ పాడవుతుంది. అందుకే ఈ ప్రాంత రైతులు మేతను చిల్లులు పెట్టిన సంచులలో నింపి, నీటిలో పాతిన గెడలకు కట్టే పద్ధతిని అలవరచుకున్నారు. చేపలు ఆ చిల్లుల దగ్గరకు వచ్చి తింటాయి. కొన్ని గంటల తరువాత సంచులను చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. మిగిలితే మరునాడు మేత తగ్గిస్తారు, సంచులు త్వరగా ఖాళీ అయితే పెంచుతారు.

ఈ చిన్న పద్ధతిలో వ్యయ నియంత్రణ శాస్త్రమంతా ఇమిడి ఉంది. పెద్ద ఖర్చు ఏదో గుర్తించడం, అందులో మన చేతిలో ఉన్న భాగాన్ని వేరుచేయడం, రోజూ కొలవడం, కొలతను బట్టి మరునాటి నిర్ణయం మార్చుకోవడం. కిలో చేప తయారవడానికి రెండున్నర కిలోల మేత పడుతుందా, మూడు కిలోలు పడుతుందా అన్న అర కిలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మేత కిలో 20 రూపాయలనుకుంటే, ఆ అర కిలో విలువ 10 రూపాయలు. పది టన్నుల పట్టుబడికి అది లక్ష రూపాయలు. గమనించండి, ఆ లక్ష ఆదా కోసం రైతు చేపలను పస్తు పెట్టలేదు. పస్తు పెడితే చేప పెరగదు, నష్టం రెట్టింపవుతుంది. వృథాను తగ్గించడం వేరు, అవసరాన్ని కోయడం వేరు.

వంటశాల లెక్క

ఇదే సూత్రాన్ని వసతి ఉన్న ఒక మదరసాకు అన్వయించి చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం మాత్రమే. అరవై మంది విద్యార్థులు. ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాముల బియ్యం అవసరమని నిర్ణయించుకున్నారు. నెలకు 720 కిలోలు. కిలో 45 రూపాయల చొప్పున 32,400 రూపాయలు కేటాయించారు. నెలాఖరున చూస్తే 37,440 రూపాయలు ఖర్చయింది. 5,040 రూపాయలు ఎక్కువ.

కమిటీ సమావేశంలో ‘బియ్యం ధర పెరిగింది’ అని ఒకరంటారు. ‘వంటవాడు వృథా చేస్తున్నాడు’ అని మరొకరంటారు. లెక్క లేనిచోట నింద పుడుతుంది. పుస్తకం తెరిస్తే, 780 కిలోలను 48 రూపాయల చొప్పున కొన్నట్లు ఉంది. ఇప్పుడు తేడాను రెండు ముక్కలు చేయవచ్చు. కిలోకు 3 రూపాయల చొప్పున 780 కిలోలకు 2,340 రూపాయలు ధర వల్ల పెరిగినది. 60 కిలోలు అదనంగా వాడినందున, పాత ధర 45 చొప్పున 2,700 రూపాయలు వాడకం వల్ల పెరిగినది. రెండూ కలిపితే 5,040. సగానికి పైగా మార్కెట్టు తప్పు కాదని తేలింది.

అంతమాత్రాన వంటవాడు దోషి అని తేలలేదు. ఆ 60 కిలోలు ఎక్కడికి పోయాయన్నది తరువాతి ప్రశ్న. అతిథులు ఎక్కువగా వచ్చారా? నిల్వ గదిలో తేమ చేరి బియ్యం ముక్కిపోయిందా? వండింది పళ్లాలలో మిగిలిపోతోందా? లేక, పదేళ్ల పిల్లల కోసం ఏనాడో వేసుకున్న 400 గ్రాముల అంచనా నేటి పదిహేనేళ్ల పిల్లలకు చాలడం లేదా? చివరిదే కారణమైతే, మార్చవలసినది వంట కాదు, అంచనా. 1983 నాటి బుట్టతో కూలీని తూచడం ఎలాంటిదో, పాత కొలతతో ఎదిగే పిల్లవాడి ఆకలిని తూచడం అలాంటిదే.

దీనికి కావలసినది పెద్ద యంత్రాంగం కాదు. నిల్వ గదిలో ఒక కాటా, గోడకు ఒక పట్టిక, రోజూ ఎంత సరుకు ఇచ్చారో రాసే ఒక పుస్తకం, భోజనం చేసిన వారి హాజరు చాలు. కొనేవారు ఒకరు, తూచి తీసుకునేవారు మరొకరు, డబ్బు చెల్లించేవారు ఇంకొకరు అయితే అనుమానాలకు తావుండదు. ఇది ఎవరిపైనా అపనమ్మకం కాదు. నిజాయితీపరుడిని నింద నుండి కాపాడే కవచం. ప్రజలిచ్చిన ప్రతి రూపాయి అమానత్. జకాత్ సొమ్మును ఏయే పద్దులకు వాడవచ్చో నియమాలు ఉన్నాయి గనుక, దాని లెక్కను సాధారణ విరాళాల లెక్క నుండి వేరుగా ఉంచడం మరింత అవసరం.

కోత పొదుపు కాదు

చేతికందిన చోట కోయడాన్నే చాలా సంస్థలు పొదుపు అనుకుంటాయి. అన్నిటికన్నా సులువుగా చేతికందేది ఎదురు చెప్పని మనిషి జీతం. నిర్మాణానికి లక్షలు వెచ్చించే కమిటీలు, ఇమాము, మౌజన్, ఉస్తాదుల వేతనం దగ్గరకు వచ్చేసరికి పొదుపు గుర్తు తెచ్చుకుంటాయి.

2016 జనవరిలో నెలకు 6,000 రూపాయలు తీసుకున్న ఉస్తాదును తీసుకుందాం. కరవు భత్యపు లెక్క ప్రకారం 2025 జూలై నాటికి ఆయన ఉన్నచోటే ఉండాలంటే 9,480 రూపాయలు కావాలి. ఇది జీతం పెంచడం కాదు, తగ్గకుండా చూడడం మాత్రమే. ఈలోగా కమిటీ ఆయనకు 8,000 ఇస్తూ ‘రెండు వేలు పెంచాం’ అని చెప్పుకుంటే, నిజానికి 2016 నాటి విలువలో ఆయనకు దక్కుతున్నది సుమారు 5,063 రూపాయలే. మిగిలిన లోటును ఆయన ట్యూషన్లతోనో, అప్పులతోనో పూడ్చుకుంటారు. పిల్లల చదువుపై ఉండవలసిన ఆయన మనసు అప్పు వాయిదాలపైకి మళ్లుతుంది. చివరకు ఆయన వెళ్లిపోతే, కొత్త ఉస్తాదు కుదురుకునే వరకు విద్యార్థులు నష్టపోతారు. ఆ నష్టం ఏ పద్దులోనూ కనబడదు.

కాబట్టి ప్రతి సంస్థా ఒక నియమం పెట్టుకోవడం మేలు. మదరసాల విద్యా సంవత్సరం షాబాన్‌లో ముగిసి షవ్వాల్‌లో మొదలవుతుంది. ఆ మధ్యలోని రమజాన్‌లోనే ఏడాది రాబడిలో పెద్ద భాగం వస్తుంది. షాబాన్‌లో జరిగే సమావేశంలో సూచీ ఏడాదిలో ఎంత పెరిగిందో చూసి, కనీసం అంత శాతం వేతనాలు పెంచాలని తీర్మానం రాసుకుంటే, ఉస్తాదు ఎవరి ముందూ చేయి చాపనక్కర లేదు. దాతలకు కూడా రాబోయే ఏడాది అవసరమెంతో అంకెలలో చెప్పవచ్చు. నిధులు చాలకపోతే వృథాను వెదకాలి, కొత్త నిర్మాణాన్ని వాయిదా వేయాలి. మనిషి ఆకలిని వాయిదా వేయకూడదు.

ఇంట్లో చేయదగిన పని

గృహిణులకు ఒక మనవి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరు తప్పనిసరిగా కొనే ఇరవై వస్తువులను, సేవలను రాయండి: బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, పాలు, చేప, గ్యాసు బండ, కరెంటు బిల్లు, పాఠశాల రుసుము, అమ్మగారి బీపీ మాత్రలు, ఇలా. ఒక్కోదానికి నెలకు ఎంత పరిమాణం వాడతారో రాయండి. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే అంగడిలో ధర అడిగి నమోదు చేయండి. మొదటి నెల మొత్తాన్ని 100 అనుకుని, తరువాతి నెలల మొత్తాలను దానితో పోల్చండి. అంగడి మార్చినా, రకం మార్చినా పక్కన రాసుకోండి. లేకపోతే మంచి రకం కొన్నందుకు ధర పెరిగిందని భ్రమపడే ప్రమాదం ఉంది. ప్యాకెట్టు ధర మారకుండా బరువు తగ్గిన సరుకులను ప్రత్యేకంగా గమనించండి. ధరను ప్యాకెట్టుకు కాక వంద గ్రాములకు లెక్కించండి.

ఏడాది తిరిగేసరికి మీ కుటుంబానికి ఒక సొంత సూచీ ఏర్పడుతుంది. ఏ ఖర్చు మార్కెట్టు వల్ల పెరిగిందో, ఏది మన అలవాటు వల్ల పెరిగిందో విడిగా కనబడుతుంది. మొదటిదానికి ఓర్పు, న్యాయమైన ఆదాయం కావాలి. రెండవదానికి నిగ్రహం కావాలి. ఇస్రాఫ్‌ను విడనాడమని మనం ఇతరులకు చెబుతుంటాం. మన ఇంట్లో అది ఏ సంచి చిల్లులోంచి కారిపోతోందో ఈ పుస్తకం చూపిస్తుంది.

ఆ పుస్తకాన్ని పిల్లల చేత రాయించండి. శాతాల లెక్క వారికి బడిలో కన్నా వంటింట్లో త్వరగా వస్తుంది. సంవత్సరాంతంలో ఇంటి యజమాని తన ఇంట్లో పనిచేసే మనిషి జీతాన్ని ఎంత పెంచాలో కూడా అదే పుస్తకం చూసి నిర్ణయించాలి. ఎందుకంటే మన ఇంటి గుమ్మం దగ్గర పెరిగిన ధర, ఆమె గుమ్మం దగ్గర కూడా పెరిగే ఉంటుంది.